రెండు రోజుల్లో అచ్చు వేస్తామంటున్నారు, పంపమంటారా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. నేను కర్నూలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది నాలుగో ఏడు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, వాళ్లు సరుకు ఉద్దర మీద అమ్మి ఆ డబ్బు ఎన్నాళ్లకు రాబట్టుకుంటున్నారు, అంతదాకా ఎలా నెట్టుకొస్తున్నారు అన్నది నా టాపిక్. ఇప్పటికి అరవై రెండు ఫ్యాక్టరీలు తిరిగాను.

మొన్న వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్, ఇంజినీరింగ్, బిజినెస్, ఏ సబ్జెక్టు పేపరైనా తీసుకుంటారట. 48 గంటల్లో అంగీకార పత్రం, 1,800 రూపాయల ఫీజు, ఈ-సర్టిఫికెట్, ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎనిమిదికి పైనే అని ఉంది. మా తోటి స్కాలర్లు ముగ్గురు అందులో వేశారు. మా గైడ్ సార్ కూడా 'ఏదో ఒకదాంట్లో వేసేయమ్మా, సబ్మిట్ చేసేద్దాం' అన్నారు. ఇంట్లో ఇంకా ఎన్నాళ్లు అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. పంపమంటారా?

ఇంకో మాట. ఫ్యాక్టరీల్లో తిరుగుతుంటే కూలీల సంగతి, బండలు కోసిన బురద పారబోసే సమస్య, అన్నీ కనబడుతున్నాయి. అవన్నీ థీసిస్‌లో పెట్టొచ్చా, లేక కామర్స్ వాళ్లు కామర్సే రాయాలా?

— పేరు వద్దు, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెబుతాను. ఆ పద్దెనిమిది వందలు కట్టొద్దు. ఆ పేపర్ అక్కడికి పంపొద్దు.

అరవై రెండు ఫ్యాక్టరీలు తిరగడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆదివారం పొద్దున ఇంట్లో వంట చేసిపెట్టి, బస్సెక్కి, దిగి, బూడిదరంగు బురద పక్కన చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. కట్టర్ మోతలో గొంతు చించుకుని ప్రశ్నలడగాలి. 'మీరు జీఎస్టీ వాళ్లా అమ్మా?' అన్న అనుమానం తీర్చాలి. అప్పుడు గానీ ఓనరు సొరుగులోంచి ఆ అట్ట ఊడిన నోటుబుక్కు తీయడు. ఎవరెంత బాకీ, ఎప్పుడు తీసుకుపోయారు, ఎప్పుడు ఎంత పంపారు అని వాళ్లు రాసుకున్న ఆ లెక్క మీకు చూపించారంటే, మిమ్మల్ని నమ్మారని అర్థం. అంత నమ్మకంతో దొరికిన లెక్కను, చదివే నాథుడే లేని చోట పడేయొద్దని నా బాధ.

జర్నల్ చేసే పని అచ్చు వేయడం కాదమ్మా. అచ్చు ఎవరైనా వేస్తారు. మీ పేపర్‌ను ఆ సబ్జెక్టు తెలిసిన ఇద్దరు ముగ్గురి చేతిలో పెట్టి, తప్పులు వెతకమని అడగడం దాని పని. వాళ్లు మీకు చుట్టాలు కారు, మీ గైడ్‌కు స్నేహితులు కారు. చాలాచోట్ల మీ పేరు వాళ్లకు తెలియదు, వాళ్ల పేరు మీకు తెలియదు. మన కడపలో ఉండగా బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యం తాళపత్ర ప్రతులు నాలుగైదు పక్కపక్కన పెట్టించి, ఎక్కడ పాఠం తప్పిందో పట్టించేవాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యే ముందు జరిగిన పని అదే. తప్పు పట్టగలవాళ్ల కళ్ల ముందు నుంచి పోయినదానికే విలువ. 48 గంటల్లో మీ పేపర్‌ను ఎవరు చదువుతారు? ఒక మనిషి మీ పట్టికలు ఒక్కొక్కటి కూడి చూడాలంటేనే ఒక రోజు పడుతుంది.

ఇది నేను ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు. 2013లో నాకు ప్రమోషన్ పాయింట్లు కావాల్సి వచ్చింది. అనంతపురం పల్లెల్లో వేరుశనగ సాగు ఖర్చుల మీద రెండేళ్లు కష్టపడి సేకరించిన లెక్కలున్నాయి. సరిగ్గా మీకొచ్చినట్టే నాకూ ఒక ఈమెయిల్ వచ్చింది. మూడు వేలు కట్టాను. మూడో రోజున 'చాలా బాగుంది, ప్రచురిస్తున్నాం' అని జవాబు వచ్చింది. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క సవరణ లేదు. నేను సంతోషపడ్డాను.

ఆ పేపర్‌లో మూడో పట్టికలో ఒక తప్పుంది. ఒక వరుస దిగుబడి హెక్టారుకు లెక్క కట్టింది, దాని పక్క వరుస ఎకరాకు. రెండింటి మీదా 'హెక్టారుకు' అనే ఉంది. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. పంట పండించే రైతు ఎవరైనా ఒక్క చూపులో పట్టేవాడు. నేను పట్టలేదు, వాళ్లు చూడనే లేదు. మూడేళ్ల తర్వాత ఒక అమ్మాయి తన థీసిస్ చిత్తుప్రతి తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఒకచోట, ఆ ఊళ్లలో వేరుశనగ దిగుబడి సగానికి పైగా పడిపోయిందని రాసింది. 'ఎక్కడిదమ్మా ఈ అంకె?' అన్నాను. 'మీ పేపర్‌లోదే మేడమ్' అంది. ఆ తప్పు మీద ఆ పిల్ల ఒక అధ్యాయమే కట్టుకుంది. సవరణ వేయమని జర్నల్‌కు రాస్తే ఈమెయిల్ తిరిగొచ్చింది. ఆ వెబ్‌సైటే లేదప్పుడు. ఆ అమ్మాయి ఆ అధ్యాయం మొత్తం తిరగరాసుకుంది. ఆ పాపం నాదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత అదే పనిలో ఇంకో భాగాన్ని ఒక మంచి జర్నల్‌కు పంపాను. జవాబు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. వచ్చింది నాలుగు పేజీలు, అన్నీ ప్రశ్నలే. చదివి ఆ రాత్రి ఏడ్చాను. అందులో ఒక ప్రశ్న నేను మర్చిపోలేను: 'మీరు ఎంచుకున్న ఊళ్లన్నీ బస్సు పోయే రోడ్డు మీదివేనా?' మ్యాప్ తీసి చూసుకున్నాను. పన్నెండు ఊళ్లలో పదకొండు మెయిన్ రోడ్డు మీదివే. రోడ్డు మీది ఊరి రైతుకు మార్కెట్ దగ్గర, బ్యాంకు దగ్గర, ఎరువుల షాపు దగ్గర. లోపలి పల్లె రైతు కథ వేరు. మళ్లీ లోపలి ఊళ్లకు పోయి నాలుగు నెలలు తిరిగాను. నా ముగింపు మారిపోయింది. ఆ ప్రశ్న అడిగినవాళ్లెవరో నాకు నేటికీ తెలియదు. ఆ ఒక్క ప్రశ్న నాకు నేర్పినంత ఏ ట్రైనింగూ నేర్పలేదు.

మీకు ఇంకో గట్టి కారణం చెబుతాను. ఒకసారి ఒకచోట అచ్చయిన పేపర్‌ను ఏ మంచి జర్నలూ మళ్లీ తీసుకోదు. అంటే ఈ 1,800తో మీరు అచ్చు కొనుక్కోవడం లేదు, మీ నాలుగేళ్ల లెక్కను ఇంకెక్కడా వేయించుకునే వీలు లేకుండా పోగొట్టుకుంటున్నారు. తర్వాత మనసు మారి వెనక్కి తీసుకుంటామంటే దానికీ డబ్బు అడిగేవాళ్లున్నారు.

వాళ్లు చూపించిన ఆ ముద్రల సంగతి చూద్దాం. ఐఎస్‌ఎస్‌ఎన్ అంటే పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంతే. బండికి నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన బ్రేకులు బాగున్నాయని కాదు కదా. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఒక జర్నల్ పేపర్లను ఇతర పరిశోధకులు సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారో చెప్పే అంకె. పరిశోధన ప్రపంచం ఆ మాట వాడేది క్లారివేట్ సంస్థ ఏటా వెలువరించే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లోని అంకె గురించి. దానితో సంబంధం లేకుండా, అలాంటి పేరే పెట్టి డబ్బు తీసుకుని అంకెలు ఇచ్చే సంస్థలు చాలా పుట్టుకొచ్చాయి. కామర్స్, సోషల్ సైన్సెస్‌లో పేరున్న జర్నల్స్‌లోనూ చాలావాటికి ఎనిమిది రాదు. ఇక 'యూజీసీ ఆమోదించినది' అని ఎవరైనా అంటే తేదీ అడగండి. 2019లో మొదలైన యూజీసీ కేర్ జాబితానే, అంటే మంచి జర్నల్స్ ఇవీ అని యూజీసీ పెట్టిన జాబితానే, నిలిపేస్తున్నామని 2025లో యూజీసీ ప్రకటించింది. ఇప్పుడు ఆ పేరుతో ముద్ర చూపిస్తే అది పాత ముద్రే.

మీరే తేల్చుకోవడానికి ఒక సులువైన పని ఉంది. ఈ జర్నల్ పాత సంచిక ఒకటి తెరిచి విషయసూచిక చూడండి. ఒకే సంచికలో ప్రబంధ సాహిత్యం, కాంక్రీటు బలం, జీఎస్టీ, నర్సింగ్, సోలార్ ప్యానెల్ వరసగా ఉంటే, వీటన్నింటినీ చదివి తప్పు పట్టగల మనిషి ఎవరున్నారని మిమ్మల్ని మీరు అడగండి. ఎడిటోరియల్ బోర్డులో మీకు తెలిసిన యూనివర్సిటీ ప్రొఫెసరు పేరుంటే, ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కు ఒక ఉత్తరం రాయండి, మీరు నిజంగా ఇందులో ఉన్నారా సార్ అని. తన పేరు అక్కడ ఉన్న సంగతే తెలియనివాళ్లు ఉంటారు. జర్నల్స్ వివరాలు ఒకచోట చేర్చే స్కోపస్‌లో ఉందంటే, స్కోపస్ సోర్స్ జాబితా ఉచితంగానే చూడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఓపెన్ యాక్సెస్, అంటే ఎవరైనా ఉచితంగా చదవగల జర్నల్ అని చెబితే, అలాంటి జర్నల్స్‌కు డీఓఏజే అనే జాబితా ఉంది. ఆ జాబితాల్లో ఉన్న లింకు నుంచే జర్నల్ సైటుకు పోండి. మంచి జర్నల్ పేరే పెట్టుకుని దొంగ సైటు నడిపేవాళ్లూ ఉన్నారు.

ఇది మన జిల్లాల జాడ్యం మాత్రమే కాదు. జాన్ బొహానన్ అనే విలేకరి కావాలని తప్పులతో నింపిన ఒక బూటకపు పేపర్ తయారుచేసి 304 ఓపెన్ యాక్సెస్ జర్నల్స్‌కు పంపాడు. 157 జర్నల్స్ అంగీకరించాయి. 2013లో సైన్స్ పత్రిక ఆ కథనం వేసింది. మన హైదరాబాద్ నుంచే వందల జర్నల్స్ నడిపిన ఒక సంస్థ, సమీక్ష చేస్తున్నామని చెప్పి పరిశోధకులను మోసగించిందని తేల్చి, 2019లో అమెరికా కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. అంటే మీరు భయపడుతున్నది ఊరికే కాదు.

ఒక విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పొద్దు. నాలుగు సబ్జెక్టులు కలిసి ఉన్న ప్రతి జర్నలూ చెడ్డది కాదు, ఫీజు తీసుకునే ప్రతి జర్నలూ దొంగది కాదు. ముంబై నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో చరిత్ర, ఆర్థికం, రాజకీయం, కూలీల జీవితం అన్నీ ఉంటాయి. రాసినవాళ్ల దగ్గర వాళ్లు పైసా తీసుకోరు. 1932 నుంచి బెంగళూరులో వస్తున్న కరెంట్ సైన్స్‌లో అన్ని శాస్త్రాలూ ఉంటాయి. తేడా ఎక్కడంటే, భూగర్భశాస్త్రం పేపర్‌ను అక్కడ భూగర్భశాస్త్రం తెలిసినవాళ్లకే చదవమని ఇస్తారు.

ఇక నిబంధన సంగతి. మీ టెన్షన్‌లో సగం దీనివల్లే అనిపిస్తోంది, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. యూజీసీ కొత్త పీహెచ్‌డీ నిబంధనలు 2022 నవంబరు 7న వచ్చాయి. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ అచ్చయి ఉండాలన్న షరతు వాటిలో లేదు. ఆ తేదీకి ముందు రిజిస్టర్ అయినవాళ్లకు పాత నిబంధనలే వర్తిస్తాయి. 2016 నాటి వాటి ప్రకారం రిఫరీడ్ జర్నల్‌లో, అంటే సబ్జెక్టు తెలిసినవాళ్లు చదివి చూసే జర్నల్‌లో కనీసం ఒక పేపర్, సెమినార్లలో రెండు సమర్పణలు ఉండాలి. మీది నాలుగో ఏడు కాబట్టి ఈ రెండింటికీ సరిహద్దులో ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఆర్డరు మీద తేదీ చూసుకోండి. పైగా యూనివర్సిటీలు తమ సొంత షరతు పెట్టుకోవచ్చు కాబట్టి, మీ యూనివర్సిటీ రీసెర్చ్ సెక్షన్‌కు పోయి ఆ నిబంధనల కాగితం అడిగి తెచ్చుకోండి. తోటి స్కాలర్లు చెప్పింది, క్యాంటీన్‌లో విన్నది నమ్మొద్దు. ఎన్ని పేపర్లు కావాలో, ఎలాంటి జర్నల్ కావాలో అందులో ఏముందో అదే లెక్క.

గడువు కూడా మీరు భయపడుతున్నంత దగ్గర లేదు. పాత నిబంధనల్లోనైనా కొత్తవాటిలోనైనా గరిష్ఠ గడువు ఆరేళ్లు, మహిళలకు అదనంగా రెండేళ్లు ఇవ్వొచ్చు. ఇంట్లో ఎన్నాళ్లని అడిగితే ఈ మాట చెప్పండి. నాలుగో ఏడంటే ఆలస్యమైనట్టు కాదు. కాలేజీలో రోజుకు నాలుగు క్లాసులు చెప్పి, పేపర్లు దిద్ది, ఇంటిపని చూసుకుంటూ అరవై రెండు చోట్ల తిరిగినవాళ్లను ఆలస్యం చేశావనడం అన్యాయం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నన్నడిగితే ఇదే అసలు ప్రశ్న, దీనికే ఎక్కువ రాయాలనిపిస్తోంది.

బేతంచెర్ల దగ్గరే బిల్లసర్గం గుహలున్నాయి. మీరు ఫ్యాక్టరీలకు పోయే దారిలో బోర్డు చూసే ఉంటారు. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ తన కొడుకు హెన్రీతో కలిసి వాటిలో తవ్వకాలు జరిపించాడు. ఫూట్ ఉద్యోగం జియలాజికల్ సర్వేలో, అంటే రాళ్లు చూసే పని. కానీ 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగం పనిముట్టును గుర్తించి ఈ దేశపు పూర్వచరిత్రకు తలుపు తీసింది ఆ రాళ్లు చూసే మనిషే. రాయి తెలిసినవాడు కాబట్టే, ఏ రాయి తనంతట తాను పగిలిందో, దేన్ని మనిషి చెక్కాడో తేడా పట్టగలిగాడు. అంటే ఒక శాస్త్రం నుంచి ఇంకో శాస్త్రంలోకి పోవడం తప్పు కాదమ్మా, చాలా పెద్ద పనులు అలాగే జరిగాయి.

అయితే ఆ కథలో రెండో సగం కూడా ఉంది. బిల్లసర్గంలో దొరికిన జంతువుల ఎముకలు ఏ ఏ జంతువులవో ఫూట్ తానే తేల్చేయలేదు. ఎముకలు చదవడం తెలిసిన రిచర్డ్ లిడెకర్ వాటిని పరిశీలించి 1886లో అచ్చు వేశాడు. గుహ తవ్వింది ఒకరు, ఎముక చదివింది ఇంకొకరు. మీ థీసిస్‌కు నేను చెప్పేది కూడా ఇదే. కళ్లకు కనబడిందంతా తీసుకురండి, కానీ మీకు చదవడం రానిది చదవడం వచ్చినవాళ్ల చేతిలో పెట్టండి.

మీ బురద సంగతే తీసుకోండి. అందులో ఏ రసాయనం ఎంత ఉంది, ఇటుకల్లో కలిపితే బలం ఎంత వస్తుంది అన్నది మీరు రాయకూడదు. అది సివిల్ ఇంజినీరింగ్ వాళ్లు ల్యాబులో తేల్చాల్సింది. కానీ ఒక ఫ్యాక్టరీ నెలకు ఎన్ని ట్రాక్టర్ల బురద తోలిస్తుంది, ట్రిప్పుకు ఎంత కడుతుంది, ఆ డబ్బు రొక్కంగా కట్టాలా, అటువైపు సరుకు డబ్బు మాత్రం నెలల తరబడి రావడం లేదా, ఇవి పూర్తిగా మీ సబ్జెక్టే. కరెంటు బిల్లు, ట్రాక్టరు, కూలి అన్నీ చేతిలోంచి పోయేవి. బండల డబ్బు మాత్రం ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ మధ్యలో ఉన్న ఖాళీయే మీ థీసిస్. బురద ఆ ఖాళీలో ఒక అంకె. అలా చూస్తే బురద కామర్స్‌లోకి సహజంగా వస్తుంది, ఎవరూ కాదనలేరు. ల్యాబు భాగం కూడా కావాలనిపిస్తే, అనంతపురం జేఎన్‌టీయూ సివిల్ విభాగంలో ఎవరినైనా కలిసి ఇద్దరూ కలిసి ఒక విడి పేపర్ రాయండి.

కూలీల సంగతీ అంతే. దుమ్ము వల్ల వాళ్ల ఊపిరితిత్తులకు ఏమవుతోందో మీరు తేల్చొద్దు, అది డాక్టర్ల పని. కానీ ఓనరుకు బయటి నుంచి డబ్బు ఆలస్యమైన నెలలో కూలి ఎప్పుడిచ్చాడు, అడ్వాన్సు ఇచ్చి ఆపాడా, వారం ఆగమన్నాడా అని అడగండి. ఉద్దర బరువు చివరికి ఎవరి మీద పడుతోందో తేలుతుంది. అది మీ పరిశోధనకు ఆయువుపట్టు అని నాకనిపిస్తోంది. ఓనర్లనే కాకుండా కూలీలను కూడా అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

రివ్యూయర్ అడగబోయేవి ఇంకో రెండు మూడు ముందే అడుగుతాను, నొచ్చుకోకండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాళ్లు, రాతపూర్వకంగా ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. మీ అరవై రెండు నోటుబుక్కుల్లో 45 రోజుల లోపు వచ్చిన బాకీలెన్ని? ఆ వడ్డీ అడిగిన ఓనరు ఒక్కరైనా ఉన్నారా? అడిగితే మళ్లీ ఆ పార్టీ సరుకు కొనడేమోనన్న భయం ఉంటుంది కదా, దాన్ని వాళ్ల మాటల్లోనే రాయండి. పైగా 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ కింద కొత్త నిబంధన చేర్చి, గడువు లోపల కట్టకపోతే, కట్టేదాకా ఆ కొనుగోలు ఖర్చును కొన్నవాళ్లు తమ ఆదాయంలోంచి తగ్గించుకోకూడదన్నారు. అది 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి వర్తించింది. మీ లెక్కలు దానికి ముందువా, తర్వాతవా, రెండూ ఉన్నాయా? రెండూ ఉంటే మీ దగ్గర ఎంత విలువైన సరుకు ఉందో మీకే తెలియదు. చట్టం వచ్చాక పెద్ద వ్యాపారులు తొందరగా కట్టారా, లేక ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, లేని ఫ్యాక్టరీలనుంచే కొనడం మొదలుపెట్టారా? మన జిల్లాల నుంచి దీనికి జవాబు చెప్పగల స్థితిలో మీరున్నారు.

ఇంకొకటి, అందరూ మర్చిపోయేది. మీరు పేర్లు రాయకపోయినా, 'నాలుగు కట్టర్లున్న, గుడి ఎదురుగా ఉన్న ఫ్యాక్టరీ' అని రాస్తే బేతంచెర్లలో చిన్నపిల్లాడు కూడా అది ఎవరిదో చెప్పేస్తాడు. ఆయన ఎవరికెంత బాకీ పడ్డాడో అందరికీ తెలిసిపోతుంది. చిన్న ఊళ్లో పేరు దాచడమంటే గుర్తులు కూడా దాచడమే. నోటుబుక్కు ఫొటోలు మీ ఫోన్‌లో ఉంటే వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు, గైడ్‌కైనా పేర్లు చెరిపి పంపండి.

ఆ రాయి గురించి మొదటి పేజీలో పరిచయం రాసేటప్పుడు ఎక్కడో వెబ్‌సైటు నుంచి దించుకోకండి. మన నాపరాయి కర్నూలు శిలావర్గంలోని సున్నపురాయి. ఈ శిలల గురించి విలియం కింగ్ 1872లోనే జియలాజికల్ సర్వే తరఫున ఒక పెద్ద గ్రంథం రాశాడు. అందులో మీకు కావాల్సిన రెండు పేజీలు చదివి మీ మాటల్లో రాస్తే చాలు.

ఎక్కడికి పంపాలంటారా? అరవై రెండు ఫ్యాక్టరీల ఉద్దర లెక్క, 45 రోజుల చట్టం కలిపిన పేపర్ ఒకటి. అది ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీకి పనికొస్తుంది, అహ్మదాబాద్ ఐఐఎం వాళ్ల వికల్పకు కూడా. కూలి చెల్లింపుల భాగం బలంగా ఉంటే ఇండియన్ జర్నల్ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్ చూడండి. ఒకేసారి రెండుచోట్లకు పంపొద్దు, అది తప్పు. ఒకచోట కాదంటేనే ఇంకోచోటికి. కాదన్న ఉత్తరంలో రెండు మంచి ప్రశ్నలున్నా మీకు లాభమే, అవి సరిచేసుకుని ముందుకు పంపండి. ఇంగ్లీషు గురించి కంగారు పడకండి. చిన్న వాక్యాలు రాయండి. మీ పట్టికలు సరిగ్గా ఉంటే భాష దిద్దేవాళ్లు దొరుకుతారు.

గైడ్ సార్‌తో గొడవ పెట్టుకోవాల్సిన పనిలేదు. చాలామంది గైడ్లు కూడా పాయింట్ల ఒత్తిడిలోనే ఉన్నారు, ఆయన మీ చెడు కోరి చెప్పి ఉండరు. నిబంధనల కాగితం చేతిలో పట్టుకుని పోయి, 'సార్, మనకు ఒక పేపర్ చాలంట, ఆ ఒక్కటీ మంచిచోట వేద్దాం. చిత్తుప్రతి ఈ నెలాఖరుకు మీకిస్తాను. మీ పేరు కూడా ఉంటుంది కదా సార్, రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు' అనండి. తేదీ చెప్పండి, ఆ తేదీకి ఇవ్వండి. మీ యూనివర్సిటీ కాగితంలో పేపర్ తప్పనిసరి అని లేకపోతే ఇంకా మంచిది, థీసిస్ పని ఆపకుండా నడుస్తుంది, పేపర్ దాని దారిన అది పోతుంది. అక్కడ వేసిన ఆ ముగ్గురు స్కాలర్లను కూడా తక్కువ చేసి మాట్లాడకండి. వాళ్లూ మీలాగే భయపడ్డారు.

ఆ 1,800 ఉంచుకోండి. చిత్తుప్రతి రెడీ అయ్యాక, పంపే ముందు బేతంచెర్లకు మళ్లీ ఒకసారి పోండి. నోటుబుక్కు చూపించిన ఓనర్లలో ఇద్దరిని, కూలీల్లో ఇద్దరిని కూర్చోబెట్టి, మీరు రాసింది తెలుగులో చదివి వినిపించండి. ఈ లెక్కలో తప్పు పట్టగలవాళ్లు అందరికంటే ముందు వాళ్లే. వాళ్లు ఎక్కడ 'అట్ల కాదమ్మా' అన్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఆ పేజీ నాకు పంపండి. మూడో పట్టిక మాత్రం నేను కూడి చూస్తాను.